వెండితెర విద్యకు వేతనమేది?

ఏటా విజయదశమి రాత్రి హొళగుంద మండలములోని దేవరగట్టు దివిటీల వెలుగులో మేల్కొనును. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణము ముగిసిన పిమ్మట నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ఒకవైపు, చుట్టుపట్ల గ్రామములవారు మరొకవైపు కర్రలు చేబూని ఉత్సవమూర్తులకై తలపడుదురు. ఇదియే బన్ని ఉత్సవము. ఆ రాత్రి పట్టణములనుండి కెమెరాలు దిగును. తెల్లవారుసరికి ఎన్ని తలలు పగిలినవో లెక్క చెప్పు చిత్రములు దేశమంతట ప్రసారమగును. వేకువజామున వినిపించు భవిష్యవాణిగాని, కొడుకు గాయమునకు పసుపు అద్దుచున్న తల్లి ముఖముగాని వాటిలో కనిపించుట అరుదు. వాటిని చూపగలవాడు ఆ ఊరి బిడ్డయే. కాని ఆ బిడ్డ చిత్రవిద్య నేర్వదలచినచో ఖర్చు భరించువారెవరు?

తెలుగు చలనచిత్ర చరిత్రను తిరుగవేసినచో ఈ ప్రశ్నకు మూడు సమాధానములు దొరకును. మద్రాసులో ఛాయాచిత్రకారుడై, సినిమాశాల కట్టించిన రఘుపతి వెంకయ్య తన కుమారుడు ప్రకాశును ఈ విద్యకై ఇంగ్లండు పంపెను. ఆ కుమారుడు తిరిగివచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసెను. అచ్చట తండ్రి మూటయే విద్యార్థివేతనము. ఏలూరు సమీపపు సోమవరప్పాడునుండి బొంబాయి చేరిన ఎల్.వి.ప్రసాదు చిల్లరపనులు చేయుచు, 1931లో ‘ఆలం ఆరా’లోను, 1932లో ‘భక్త ప్రహ్లాద’లోను చిన్నవేషములు వేసి పని నేర్చుకొనెను. ఆయన చెల్లించిన రుసుము ఆకలి. ఇక మన సీమకు దగ్గరివాడు బళ్లారి రాఘవ. 1953 అక్టోబరు 1వ తేదీవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. రాఘవ నటనకు అండగా నిలిచినది ఆయన న్యాయవాద వృత్తి.

తండ్రి మూట, స్వంత ఆకలి, మరొక వృత్తి - ఈ మూడును లేనివాని గతియేమి? ఆకలి యెవనికైనను ఉండునుగదా అనవచ్చును. కాని ఆకలికి ఓర్చి నేర్చుకొనుటకును కొంత స్వేచ్ఛ కావలెను. పడమటి కర్నూలులో వానలు తప్పిన యేడు కోసిగి, ఆదోని, ఆలూరు ప్రాంతముల కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, మిరపకోతలకు, పత్తితీతలకు గుంటూరు వైపు తరలిపోవును. పిల్లలును వెంటపోవుదురు. అట్టి యింటి యువకుడు పస్తుండుటకు సిద్ధపడినను, వాని కూలి ఆగినచో ఇల్లంతయు పస్తుండవలసి వచ్చును. అందుచేత అతనికి కావలసినది రుసుము మాఫీ మాత్రమే కాదు. పోగొట్టుకొన్న కూలికి బదులు కూడ.

ప్రభుత్వము ఈ విద్యను గుర్తింపకపోలేదు. 1949లో నియమింపబడిన పాటిల్ సంఘము 1951లో నివేదిక సమర్పించి, శిక్షణాలయమును, చిత్రనిర్మాణమునకు అప్పులిచ్చు సంస్థను సూచించెను. 1960లో ఆ రెండును ఏర్పడినవి. శిక్షణాలయము పుణెలోని ప్రభాత్ స్టూడియో ఆవరణలో వెలసెను. 1995లో కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేర మరొకటి వచ్చెను. దర్శకత్వము, ఛాయాగ్రహణము, శబ్దగ్రహణము, కూర్పు - వీటి మూడేండ్ల చదువుకు ఏ విషయములోనైనను పట్టభద్రుడైన వాడు పుణెలో అభ్యర్థి కావచ్చును. ఆదోనిలో బి.ఏ. చదివినవానికిని ఆ తలుపు మూయబడిలేదు. కాని గడప ఎత్తుగా నున్నది. విద్యార్థి చదువుటతోపాటు చిత్రము తీయవలెను. దానికి యంత్రములు, దీపములు, మనుష్యులు కావలెను. కనుక ఈ చదువు ఖరీదైనది. ప్రవేశపరీక్ష రుసుము, బోధన రుసుము పెరుగుచున్నవని 2019 డిసెంబరులో పుణె విద్యార్థులు నిరాహారదీక్ష పూనిరి.

ఇందు ఒక వింత కలదు. 1959లో స్థాపితమైన ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయములో ప్రవేశించిన ప్రతి విద్యార్థికిని నెలవేతనము లభించును. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 మొదలు 25 ఏండ్ల వయసుగల యువకళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లిచ్చు వేతనము సంగీతమునకు, నృత్యమునకు, నాటకమునకు, జానపద కళలకు వర్తించును; ఆ పట్టికలో చలనచిత్రము లేదు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు 1944 నుండి మెట్రికు పైచదువుల వేతనములు కలవు. అవి గొప్ప ఆసరా. కాని చేరిన పిమ్మటనే అక్కరకు వచ్చును. దరఖాస్తు రుసుము, రైలుఖర్చు, పరీక్షకై పరాయి ఊరిలో బస, మొదటినెల భోజనము - చాలమంది అచ్చటనే ఆగిపోవుదురు.

త్రాగునీటికే కటకటపడు ప్రాంతమునకు సినిమా చదువు విలాసము కాదా అని కొందరందురు. శబ్దగ్రహణము, కూర్పు మున్నగునవి చేతిపనులే. మగ్గమువలె అన్నము పెట్టునవే. అంతకుమించిన కారణము మరొకటి కలదు. కర్రలు మాన్పించుటకు అధికారులు ఏటా ఊరూర సభలు జరుపుదురు. పరులు తీసిన చిత్రము గ్రామస్థునికి నిందగా తోచును. తనవాడు తీసినది అద్దముగా తోపవచ్చును. నిందకు మనిషి ఎదురుతిరుగును. అద్దముముందు ఒకక్షణమైనను ఆగును.

పలువురు చేతులు కలిపి ఒక వృత్తిని నిలుపుట ఈ సీమకు క్రొత్త కాదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకారసంఘమును నెలకొల్పి, చెల్లాచెదరుగానున్న మగ్గములకు ఒక నీడ కల్పించెను. అదే పద్ధతిని ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలలు, పత్తివర్తకులు, పూర్వవిద్యార్థులు కలిసి ఒక చిన్న నిధి కూర్పలేరా? ఏటికొక విద్యార్థి చాలును. వానికి పరీక్షఖర్చులు, మొదటి మూడునెలల గ్రాసము ముందుగా చేతికందవలెను. ఖర్చుపెట్టిన రసీదులు తెమ్మన్నచో ఆ నిధి ఉండియు లేనట్లే.

ఉపాధ్యాయులు ఇంతకంటె ముందే చేయదగిన పని ఒకటి కలదు. తరగతిలో వెనుకబెంచీ పిల్లవాడు జాతరను, చేనును, వలసబండిని కండ్లకు కట్టినట్లు వర్ణించును. వానికి మార్కులు తక్కువ రావచ్చును. ఆ చూపునకును ఒక చదువున్నదని, దానికొక విద్యాలయమున్నదని వానితో చెప్పవలెను. ప్రకటన వెలువడిన దినమున ఆ కాగితమును వాని చేతిలో పెట్టవలెను. నిధి సమకూరుటకు ఏండ్లు పట్టవచ్చును. ఈ మాట చెప్పుటకు రేపటి తరగతి చాలును.