ఈఆర్‌పీ వ్యవస్థల మధ్య కాన్ఫిగరేషన్ మార్పుల తరలింపు

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ సిమెంటుపై పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. కొత్త రేటు అదే నెల 22న అమలులోకి వచ్చింది. నడిగూడెంలో సిమెంటు అమ్మే దుకాణదారుకు ఇది బిల్లులో ఒక అంకె మార్పు. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతంలో ఉన్నటువంటి సిమెంటు కర్మాగారం కంప్యూటర్ విభాగానికి మాత్రం అది పందొమ్మిది రోజుల గడువు.

లెక్క చూడండి. బస్తా మూల ధర రూ.300 అనుకుందాం. 28 శాతం చొప్పున పన్ను రూ.84, 18 శాతం చొప్పున రూ.54. తేడా బస్తాకు రూ.30. అయిదు వందల బస్తాల లారీ పాత రేటుతో బిల్లయి బయటికి వస్తే తేడా రూ.15,000. తర్వాత క్రెడిట్ నోటు రాసి సరిచేయవచ్చు గాని, రోజుకు వందల లారీలు కదిలే చోట ఆ పని ఎవరూ కోరుకోరు.

ఇక్కడ ఒక ఊహాత్మక కంపెనీని తీసుకుందాం. అది జర్మనీలో 1972లో మొదలైన ఎస్‌ఏపీ సంస్థ సాఫ్ట్‌వేర్‌ను వాడుతోంది. పాత నిల్వలున్న డీలర్లకు బస్తాకు కొంత ప్రత్యేక తగ్గింపు ఇవ్వాలనీ, దాన్ని బిల్లులో వేరే వరుసగా చూపాలనీ యాజమాన్యం నిర్ణయించింది. ఈ మార్పును నేరుగా బిల్లులు తయారయ్యే వ్యవస్థలోనే చేయకూడదా అని మీకు అనిపించవచ్చు. చేయకూడదు. అక్కడ ధర లెక్కించే పద్ధతిలో చిన్న పొరపాటు దొర్లినా గేటు దగ్గర లారీలు ఆగిపోతాయి. అందుకే సాధారణంగా మూడు వ్యవస్థలు ఉంటాయి: మార్పులు చేసే డెవలప్‌మెంట్, పరీక్షించే క్వాలిటీ, నిజమైన వ్యాపారం నడిచే ప్రొడక్షన్.

ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్

డెవలప్‌మెంట్‌లో కన్సల్టెంట్ మార్పును భద్రపరచగానే వ్యవస్థ ఒక ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ సంఖ్యను అడుగుతుంది. దీన్ని సరుకుతో పాటు వెళ్లే వే బిల్లులా ఊహించుకోండి. ఏ పట్టికలో ఏ వరుస మారింది, ఎవరు మార్చారు అన్నది అందులో నమోదవుతుంది. కాన్ఫిగరేషన్ పట్టికల మార్పులు కస్టమైజింగ్ రిక్వెస్ట్‌లోకి, ప్రోగ్రాములు, బిల్లు ముద్రణ నమూనాల వంటివి వర్క్‌బెంచ్ రిక్వెస్ట్‌లోకి చేరతాయి.

పని ముగిశాక రిక్వెస్ట్‌ను రిలీజ్ చేస్తారు. అప్పుడు రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకదానిలో అసలు సమాచారం, రెండోదానిలో దాన్ని ఎలా దింపాలో చెప్పే వివరాలు ఉంటాయి. రిలీజ్ అయిన రిక్వెస్ట్ క్వాలిటీ వ్యవస్థ వరుసలో నిలుస్తుంది. అక్కడ ఇంపోర్ట్ అయ్యాక ప్రొడక్షన్ వరుసలోకి చేరుతుంది. రిలీజ్ చేసిన రిక్వెస్ట్‌ను తిరిగి తెరవలేరు. తప్పు కనబడితే డెవలప్‌మెంట్‌లో సరిచేసి మరో రిక్వెస్ట్ పంపాల్సిందే.

ఇంపోర్ట్ ఫలితం ఒక సంకేత సంఖ్యగా వస్తుంది. 0 అంటే సక్రమం, 4 అంటే హెచ్చరిక, 8 అంటే లోపం, 12 అంటే తీవ్రమైన లోపం. 0 వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఎందుకో మన ఉదాహరణలోనే చూద్దాం. తగ్గింపు కోసం కొత్త కండిషన్ టైప్ ఒక రిక్వెస్ట్‌లో ఉంది. దాన్ని ధర లెక్కించే ప్రొసీజర్‌లో చేర్చడం రెండో రిక్వెస్ట్‌లో ఉంది. మొదటిది మరచిపోయి రెండోదాన్ని మాత్రమే ప్రొడక్షన్‌కు పంపారు. ప్రోగ్రాముల విషయంలో ఇలాంటి లోటు సాధారణంగా 8గా బయటపడుతుంది. పట్టికల వరుసలు మాత్రం చాలాసార్లు 0తోనే దిగిపోతాయి. లోపం మరునాడు బిల్లు వేసేటప్పుడు తెలుస్తుంది. అందువల్ల రిక్వెస్ట్‌లను రిలీజ్ అయిన క్రమంలోనే దింపాలి. వరుస దాటించడం వల్ల ఇంకో ప్రమాదమూ ఉంది: ఒకే ప్రోగ్రాము రెండు రిక్వెస్ట్‌లలో ఉన్నప్పుడు పాతది ఆలస్యంగా దిగితే కొత్త మార్పు చెరిగిపోతుంది. రిక్వెస్ట్ మోసుకెళ్లేది తేడాను కాదు, ఆ ప్రోగ్రాము పూర్తి ప్రతిని.

ప్రయాణం చేయనివి

విద్యార్థులు ఎక్కువగా తడబడే చోటు ఇది. తగ్గింపు అనే కండిషన్ టైప్ కాన్ఫిగరేషన్, అది రిక్వెస్ట్‌లో వెళుతుంది. తగ్గింపు ఎన్ని రూపాయలు అన్నది కండిషన్ రికార్డు, అంటే మాస్టర్ డేటా. అది తనంతట తాను రిక్వెస్ట్‌లో చేరదు. ఫలానా తేదీ నుంచి చెల్లుతుంది అన్న గడువుతో దాన్ని ప్రొడక్షన్‌లోనే నమోదు చేస్తారు. సిమెంటుకు ఏ పన్ను రేటు వర్తిస్తుందో చెప్పే రికార్డు కూడా ఇలాంటిదే. 18 శాతం పన్ను ఇనుము వంటి వస్తువులకు ముందునుంచే ఉంది కాబట్టి దాని టాక్స్ కోడ్ వ్యవస్థలో అప్పటికే ఉండవచ్చు. 28 శాతం కోడ్‌లోని అంకెను 18గా దిద్దడం మాత్రం పెద్ద తప్పు. సెప్టెంబరు 22కు ముందు అమ్మిన సరుకు తిరిగి వస్తే దాని క్రెడిట్ నోటుకు పాత రేటే కావాలి.

క్వాలిటీలో పరీక్షలన్నీ నెగ్గి, ప్రొడక్షన్‌లో తగ్గింపు సున్నాగా కనిపిస్తే ముందుగా ఈ రికార్డు ఉందో లేదో చూడండి. పరీక్ష కోసం క్వాలిటీలో ఎవరో చేత్తో నమోదు చేసి ఉంటారు, ప్రొడక్షన్‌లో ఎవరూ చేసి ఉండరు.

అత్యవసర మార్పు

గడువు ముంచుకొచ్చినప్పుడు ప్రొడక్షన్ తాళం తీసి అక్కడే మార్చేద్దామన్న ఒత్తిడి వస్తుంది. సాంకేతికంగా అది సాధ్యమే. కాని ఆ మార్పు డెవలప్‌మెంట్‌కు తెలియదు. నెల తర్వాత అదే వరుసను తాకే మరో రిక్వెస్ట్ వచ్చి అత్యవసర మార్పును తుడిచేస్తుంది. నా దృష్టిలో అరగంట ఆలస్యమైనా రిక్వెస్ట్ మార్గమే మేలు. తప్పనిసరై నేరుగా మార్చితే ఆ రోజే డెవలప్‌మెంట్‌లోనూ అదే మార్పు చేసి ఉంచాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

సెప్టెంబరు 22 ఉదయం నడిగూడెం డీలరుకు వచ్చిన బిల్లులో పన్ను 18 శాతమే ఉంది, ప్రత్యేక తగ్గింపు వరుస మాత్రం లేదు. ఇంపోర్ట్ ఫలితం 0. కారణం కాగల రెండు లోపాలను రాసి, వాటిలో ఏది రిక్వెస్ట్ ద్వారా, ఏది ప్రొడక్షన్‌లోనే సరిచేయాలో వివరించండి.