రెండవ సవరణ – మన వీసాలు

"ఇన్ని కాల్పులు జరుగుతుంటే మీ ప్రభుత్వం తుపాకులు ఎందుకు నిషేధించదూ?" అని ఇండియా నుంచి బంధువులు అడుగుతూనే ఉంటారు. మనం "ఇక్కడ గన్ లాబీ బలమైంది లెండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. లాబీ బలమైనదే, కాదనను. కానీ లాబీ ఒక్కటే కారణమైతే ఈ గొడవ ఇన్నాళ్ళు సాగేది కాదు. దీని వేళ్ళు ప్రభుత్వం మీద అపనమ్మకంలో ఉన్నాయి.

1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ సైనికులు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌కి బయల్దేరింది అక్కడి జనం దాచుకున్న ఆయుధాలూ, మందుగుండూ పట్టుకోవటానికే. దారిలో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాయి. అలా మొదలైంది స్వాతంత్ర్య యుద్ధం. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణ వెనక ఆ జ్ఞాపకం ఉంది. ఇంగ్లీషులో మొత్తం 27 మాటలు. మొదటి సగం పౌరసేన అవసరం గురించి, రెండో సగం ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కు గురించి. ఇలాంటి స్పెసిఫికేషన్ నా చేతికొస్తే రాసినవాణ్ణి పిలిచి "హక్కు సేనకా, మనిషికా?" అని అడిగేవాణ్ణి. రాసినవాళ్ళు లేరు కాబట్టి 2008లో హెల్లర్ కేసులో సుప్రీం కోర్టు, అదీ 5-4 తేడాతో, మనిషికే అని చెప్పింది. 2022లో బ్రూయెన్ కేసులో ఆ హక్కు ఇంటి గడప దాటి వీధిలోకి కూడా వచ్చింది.

ఈ అపనమ్మకం మనకేం కొత్త కాదు. 1878 ఆయుధ చట్టంతో తెల్లదొరలు లైసెన్సు లేని భారతీయుడి చేతిలో తుపాకీ లేకుండా చేసి, తమవాళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెసులో చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో ఆయుధం ధరించే హక్కు కూడా ఉందంటే మనలో చాలామంది నమ్మరు. తీరా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును అడిగితే, దొంగలకీ పాత నేరస్తులకీ కూడా ఇద్దామా అన్న ధోరణిలో అంబేద్కర్ తోసిపుచ్చారు. అదే పరాయి పాలన, అదే చేదు అనుభవం. వీళ్ళు తుపాకీని హక్కు చేసుకున్నారు, మనవాళ్ళు లైసెన్సుకు కట్టేశారు.

సరే, ఆ సవరణలో "ప్రజలు" అన్నారు కదా, అందులో ఎవరెవరు ఉన్నట్టు? 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో, నల్లవారిని పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికైనా ఆయుధాలతో వెళ్ళే హక్కు వాళ్ళకీ వస్తుందని ప్రధాన న్యాయమూర్తి టేనీ భయపడ్డాడు. మన సంగతికొస్తే అంతా వీసాని బట్టే. ఎఫ్-1 విద్యార్థులూ, హెచ్-1బి, హెచ్-4 వాళ్ళూ, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలూ తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవటం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వస్తే ఈ నిషేధం వర్తించదు. అంటే ఒకే ఇంట్లో అన్నకి నేరమైనది తమ్ముడికి హక్కు!

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో, ఆఫీసు అయ్యాక బార్‌లో స్నేహితుడితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక అమెరికన్ కాల్చి చంపాడు. "మా దేశం వదిలి పొండి" అని అరిచి మరీ. స్నేహితుడూ, హంతకుణ్ణి పట్టుకోబోయిన ఒక అమెరికన్ యువకుడూ గాయపడ్డారు. ఆ తర్వాత "మనమూ ఒకటి కొనుక్కోవాలేమో" అన్న మాట మన విందుల్లో నేను చాలాసార్లు విన్నాను. ఆ భయం అర్థం కానిది కాదు. కానీ అదే కథలో రెండో దెబ్బ ఎవరూ తలుచుకోరు. భర్త పోవటంతో, ఆయన మీద ఆధారపడిన ఆవిడ వీసా హోదా కూడా పోయింది. అంత్యక్రియలకి ఇండియా వెళ్ళిన మనిషి తిరిగి రావటానికి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోవలసి వచ్చింది. మనలాంటివాళ్ళ మీద ప్రభుత్వ అధికారం అంటే ఇదీ. సైన్యమేమీ రాదు, ఒక కాగితం చెల్లకుండా పోతుంది. దానికి తుపాకీ ఏం చేస్తుంది? అందుకే, ప్రభుత్వాన్ని శంకించటం మంచిదే అనుకునే నేను కూడా ఆ శంకకి మందు తుపాకీ అంటే ఒప్పుకోలేను.

మీరు ఒప్పుకోకపోతే పేచీ లేదు. కొన్ని సంగతులు మాత్రం తెలుసుకోండి. లాస్ వేగాస్ చూపించటానికి తీసుకెళ్ళిన బావగారికి షూటింగ్ రేంజిలో సరదాగా తుపాకీ ఇప్పించటం కూడా పై నిషేధం కిందికే వస్తుంది. 2022లో మారిన చట్టం ప్రకారం శిక్ష 15 ఏళ్ళ దాకా పడవచ్చు, ఆపైన దేశం నుంచి పంపించెయ్యవచ్చు. ఇక గ్రీన్ కార్డు వచ్చి తుపాకీ కొన్నవాళ్ళ సంగతి: 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయినవారు 48,830 మంది. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో గ్రేడ్లకీ కాలేజీ అడ్మిషన్లకీ నలిగే టీనేజి పిల్లలుంటే తుపాకీ సేఫ్‌లో, తూటాలు వేరేచోట, తాళం పెద్దవాళ్ళ దగ్గర ఉండాలి. పిల్లల్ని స్లీపోవర్‌కి పంపే ముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంచుతారా అని అడగండి. వేరుశెనగ ఎలర్జీ గురించి చెప్పటానికి మొహమాటపడం కదా, ఇదీ అలాంటిదే.