గ్రంథంలో లేని గీత

పర్ణశాలకు వచ్చినవాళ్లెవరూ లక్ష్మణరేఖ ఊసెత్తకుండా వెనక్కి వెళ్లరు. వాల్మీకి రామాయణంలో ఆ రేఖ లేదు. అయినా ఈ గోదావరి ఒడ్డున అది గ్రంథమంత నిజం. మోర్మన్ల విశ్వాసం, స్వలింగ సంబంధాలపై గురువారంకల్లా ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు పురమాయించినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ముందేసుకున్న కాగితాల్లో ఒక్కటి నన్ను కదలనివ్వలేదు.

2015 నవంబరులో మోర్మన్ సంఘ నాయకుల చేతిపుస్తకంలో చేరిన నిబంధన అది. స్వలింగ వివాహం చేసుకున్నవారిని విశ్వాస భ్రష్టులుగా లెక్కించమంది. అక్కడితో ఆగినా పెద్దల తగవుగానే ఉండేది. అలాంటి జంట ఇంట పుట్టిన పసిబిడ్డకు సంఘంలో పేరుపెట్టి దీవించకూడదంది. మోర్మన్ పిల్లలకు 8 ఏళ్లకే బాప్తిస్మమిస్తారు; ఈ బిడ్డ మాత్రం 18 నిండేదాకా ఆగాలి. నిండాకైనా కన్నవాళ్ల ఇల్లు విడిచి ఉండాలి. స్వలింగ సహజీవనాన్ని, వివాహాన్ని తోసిపుచ్చుతున్నానని చెప్పాలి. ఆపైన సంఘపు అత్యున్నత నాయకత్వమైన ప్రథమ అధ్యక్షత్వం అనుమతి కావాలి.

చదివిన ప్రతిసారీ నాకా బిడ్డే కళ్లముందు మెదిలింది. ఈడు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని నీళ్లలోకి దిగుతుంటే, నేనెందుకు దిగకూడదని అడిగితే ఏ తల్లి ఏం చెబుతుంది? ఆదాము అతిక్రమానికి మనుషులు శిక్ష అనుభవించరని, ఎవరి పాపానికి వారే బాధ్యులని ఆ సంఘం విశ్వాస ప్రమాణాల్లో రెండోది చెబుతుంది. ఆ మాట పక్కన ఈ నిబంధన పెట్టి చూడండి.

మోర్మన్ గ్రంథంలో స్వలింగ సంబంధాల ప్రస్తావనే లేదు. వారు చదివే బైబిలులో వాటిని తప్పుపట్టే లేవీయకాండము, రోమా పత్రిక ఉన్నాయి. అయితే పిల్లల్ని ఆపమని అవి కూడా అనలేదు. నిబంధనకు బలం బతికున్న ప్రవక్త మాట. 2016 జనవరిలో అపొస్తలుడు రస్సెల్ నెల్సన్, ఇది ప్రవక్త, సంఘ అధ్యక్షుడు థామస్ మాన్సన్‌కు వచ్చిన బయల్పాటు అని యువతకు చెప్పారు. 2019 ఏప్రిల్ 4న, ఆ నెల్సనే అధ్యక్షుడిగా ఉండగా, దాన్ని తీసేశారు. పిల్లలకు దారి తెరుచుకుంది. స్వలింగ వివాహం తీవ్ర అతిక్రమంగానే మిగిలింది, భ్రష్టత్వమన్న ముద్ర మాత్రం పోయింది. స్త్రీపురుషుల మధ్యదే వివాహమన్న 1995 నాటి కుటుంబ ప్రకటన చెక్కుచెదరలేదు.

దేవుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడన్న నమ్మకం నాకు ఇష్టం. మారగలిగే మాటలో ప్రాణముంటుంది. గీత గీసిన రోజూ చెరిపిన రోజూ దేవుడి పేరే చెప్పినవారు, మధ్యలో మూడేళ్ల అయిదు నెలలు గడప బయట నిలబడ్డ పిల్లలకు క్షమాపణ బాకీపడ్డారని నా గట్టి నమ్మకం.

చరిత్ర క్లుప్తంగా: 1830లో జోసెఫ్ స్మిత్ సంఘం పెట్టారు, 1890లో బహుభార్యత్వానికి స్వస్తి పలికే ప్రకటన వచ్చింది, 1978 జూన్‌లో నల్లజాతి పురుషులకూ యాజకత్వం దక్కింది. మూడూ ప్రవక్తల మాటతోనే.

మన దగ్గర

అదే 1978 డిసెంబరులో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు మోర్మన్ ప్రచారకులుగా సమోవా నుంచి హైదరాబాద్ వచ్చారు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం పొందారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని బాప్టిస్టు బోధకుడైన ఎల్సీ తండ్రికి అప్పగించారు. దేశంలో తొలి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరాల జాబితాలోంచి తప్పించింది. 2023 అక్టోబరు 17న వివాహ హక్కుకు మాత్రం ఒప్పుకోలేదు.