షెడ్డులో కట్టిన కారు, ఫ్యాక్టరీ పంపిన కారు



మోటారు రాలీ అంటే గుండ్రటి ట్రాకు మీద జరిగే పందెం కాదు. మట్టి బాటల్లో, తోటల మధ్య, గుట్టల పక్కన ట్రాఫిక్కును ఆపి ఒక దారిని మూసివేస్తారు. దానిని స్పెషల్ స్టేజి అంటారు. కార్లను ఒకదాని వెనుక ఒకటి కొంత ఎడం ఇచ్చి వదులుతారు. పోటీ ఎదుటి కారుతో కాదు, గడియారంతో. డ్రైవరు పక్కన కూర్చున్న నావిగేటరు రాబోయే మలుపులను కాగితం చూసి చదివి చెబుతూ ఉంటాడు. మనకు దగ్గరలో బెంగళూరులోని కర్ణాటక మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు కె-1000 అనే రాలీని నిర్వహిస్తూ వచ్చింది. చిక్కమగళూరు కాఫీ తోటల రాలీ కూడా చాలామందికి తెలిసినదే.

ఈ పోటీలకు రెండు రకాల కార్లు వస్తాయి. ఒకటి, తయారీ కంపెనీయే సిద్ధం చేసి, తన ఇంజినీర్లతో, విడిభాగాలతో పంపే కారు. రెండవది, ఒక డ్రైవరు తన సొంత డబ్బుతో ఏదో ఒక షెడ్డులో కట్టించుకున్న కారు. ఈ రెంటికీ తేడా ఇంజను బలంలో ఉందని చాలామంది అనుకుంటారు. అసలు తేడా అక్కడ లేదు. పోటీకి ముందే విరగ్గొట్టి చూసుకునే వీలు ఎవరికి ఉంది అన్నదే అసలు తేడా.

ఒక ఉదాహరణ చూద్దాం. రాళ్ల బాట మీద కారు వేగంగా పోతున్నప్పుడు షాక్ అబ్జార్బరులోని నూనె విపరీతంగా వేడెక్కుతుంది. నూనె నురగ కడితే దాని పట్టు తగ్గుతుంది. చక్రం నేలను వదిలి ఎగురుతుంది. సరేనని గట్టి షాక్ అబ్జార్బరు వేస్తే, ఆ దెబ్బ దానిని పట్టుకుని ఉన్న బాడీ రేకు మీద పడి, అక్కడ పగులు వస్తుంది. ఆ రేకుకు అతుకు వేసి గట్టి చేస్తే, ఈసారి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు విరగవచ్చు. ఒక బలహీనతను పూడిస్తే అది పక్కకు జరుగుతుంది. పైగా వేసిన ప్రతి అతుకూ బరువు పెంచుతుంది.

ఫ్యాక్టరీ జట్టు ఈ వరుసనంతా పోటీకి ముందే తెలుసుకుంటుంది. దానికి పరీక్షల కోసమే వేరే కారు ఉంటుంది. ఏ భాగం ఎంత వేడెక్కింది, ఎన్ని కిలోమీటర్లకు విరిగింది అని నమోదు చేసే పరికరాలు ఉంటాయి. ప్రైవేటు మనిషికి మాత్రం పరీక్షకూ అదే కారు, పోటీకీ అదే కారు. పరీక్షిస్తే అరిగిపోతుంది, పరీక్షించకపోతే మూడో స్టేజిలో విరిగిపోతుంది. అందువల్ల అతనికి పోటీయే ప్రయోగశాల అవుతుంది.

ఇక రెండవ చిక్కు నిబంధనలది. అంతర్జాతీయ సమాఖ్య ఒక కారు నమూనాను పరిశీలించి పోటీకి అర్హమని నమోదు చేయడాన్ని హోమోలోగేషన్ అంటారు. గ్రూప్ ఏ అనే తరగతికి ఒకప్పుడు 5,000 కార్లు తయారై ఉండాలనేవారు, తర్వాత 1993లో దాన్ని 2,500 చేశారు. గ్రూప్ బి తరగతికి 200 చాలన్నారు. దాంతో పెద్ద కంపెనీలు కేవలం రాలీ కోసమే మహా వేగం గల కార్లు తయారు చేశాయి. 1986లో కోర్సికా దీవిలో హెన్రీ టోయివొనెన్, నావిగేటరు సెర్జియో క్రెస్టో కారులోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాదితోనే ఆ తరగతికి స్వస్తి చెప్పారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ నమోదుకు దరఖాస్తు పెట్టేది తయారీ కంపెనీయే. షెడ్డు మెకానిక్కు తన బుర్రతో మంచి గేరు వరుసను తయారు చేసినా, కంపెనీ కాగితాలలో అది లేకపోతే ఆ తరగతిలో ఆ కారు చెల్లదు.

ఇన్ని చిక్కుల మధ్య బెంగళూరు వాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? కారును ఎంచుకోవడంలోనే వారి తెలివి కనిపిస్తుంది. 1983 చివరలో మారుతి 800, 1985లో జిప్సీ, 1994లో ఎస్టీమ్ వచ్చాయి. ఎస్టీమ్ తేలికైన కారు, 1.3 లీటర్ల ఇంజను. అన్నిటికీ మించి, విరిగిన భాగం కోసం జె.సి. రోడ్డు అంగళ్లకు వెళితే దొరికేది. కంపెనీ అండ లేనివారికి విడిభాగం దొరకడమే సగం విజయం. కారు కంపెనీల కంటే ఎం.ఆర్.ఎఫ్., జె.కె. టైర్ వంటి టైర్ల కంపెనీలే మన రాలీ జట్లకు ఎక్కువగా అండగా నిలిచాయి. తరువాత మహీంద్రా కంపెనీ తన ఎక్స్.యు.వి.500తో గౌరవ్ గిల్‌ను జాతీయ పోటీలలోకి దింపింది. అటువంటి రోజుల్లోనే, 2016లో, బెంగళూరులోని ఆర్కా మోటార్‌స్పోర్ట్స్ అనే ప్రైవేటు వర్క్‌షాపు తరఫున కర్ణ కడూర్ జాతీయ ఛాంపియన్ అయ్యాడు.

మోటారు సైకిళ్లలోనూ ఇదే కథ. మన సరిహద్దు పట్టణం హోసూరులోని టి.వి.ఎస్. కంపెనీ 1982లోనే రేసింగు జట్టును పెట్టింది. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో కంపెనీ జట్టు లేకుండా, కె.టి.ఎం. బండి మీద డకార్ రాలీకి వెళ్లి 36వ స్థానంలో ముగించాడు. ఆ రాలీని పూర్తి చేసిన మొదటి భారతీయుడు అతడే. తరువాత హీరో కంపెనీ జట్టు పెట్టి అతన్ని చేర్చుకుంది. ఆ జట్టు 2017లో మొదటిసారి డకార్‌లో దిగింది. రాస్ బ్రాంచ్ ద్వారా రెండవ స్థానం దక్కింది 2024లో. అంటే డబ్బూ, ఇంజినీర్లూ ఉన్న కంపెనీకి కూడా అక్కడికి చేరడానికి ఏడేళ్లు పట్టింది. ఫ్యాక్టరీ అండ పనిని తప్పించదు, పని చేయడానికి వ్యవధి ఇస్తుంది.

ప్రైవేటు వాళ్లు గెలవనే గెలవరా అంటే, గెలిచారు. కెన్యాలో స్థిరపడిన భారతీయ కుటుంబానికి చెందిన జోగిందర్ సింగ్, తమ్ముడు జస్వంత్‌తో కలిసి 1965లో తూర్పు ఆఫ్రికా సఫారీ రాలీ గెలిచాడు. ఫ్యాక్టరీ జట్టు వాడి వదిలేసిన పాత వోల్వో కారు మీద గెలిచాడు. ఆయన స్వయంగా మెకానిక్కు. ఏ నట్టు ఎప్పుడు వదులవుతుందో చేతికి తెలుసు. ఇంగ్లండులో మాల్కమ్ విల్సన్ స్థాపించిన ఎం-స్పోర్ట్ అనే ప్రైవేటు సంస్థ, ఫోర్డు కార్లతో 2017లో పెద్ద కంపెనీలను దాటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలుచుకుంది. కాబట్టి గోడ ఎత్తైనదే గానీ, ఎక్కలేనిది కాదు.

అయితే ఒక్క విషయంలో మాత్రం ప్రైవేటువారికి ప్రయోగాలు చేసే హక్కు లేదు. అది ప్రాణ రక్షణ. కారు పల్టీ కొడితే లోపలి ఇద్దరినీ కాపాడేది రోల్ కేజ్ అనే ఇనుప పంజరం. దాని ప్రధాన కమాను 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల అతుకు లేని ఉక్కు గొట్టంతో ఉండాలని అంతర్జాతీయ నియమం. చౌకగా దొరుకుతుందని నీళ్ల పైపు తెచ్చి వంచితే, దెబ్బ తగిలినప్పుడు దాని నిలువు అతుకు విచ్చుకోవచ్చు. ఇంజను చెడితే పోటీ పోతుంది. పంజరం చెడితే పక్కన కూర్చున్న నావిగేటరు కూడా పోతాడు. ఆ గొట్టం ఎక్కడిదో అతనికి తెలియకపోవచ్చు.

షెడ్లలో పని నేర్చుకుంటున్న మన యువకులకు చివరగా రెండు మాటలు. మార్పులు చేసిన కారును ఊరి రోడ్ల మీద పరుగెత్తించడం చట్టానికి విరుద్ధం, ఊరివాళ్లకు ప్రమాదం. గుర్తింపు పొందిన క్లబ్బులో చేరి, లైసెన్సు తీసుకుని పోటీకి వెళ్లండి. రెండవది, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ భాగం, ఏ దారిలో, ఎన్ని కిలోమీటర్లకు చెడిందో ప్రతిసారీ రాయండి. ఫ్యాక్టరీవారి రహస్యంలో చాలా భాగం ఆ లెక్కల్లోనే ఉంది. వారు దానికి కంప్యూటర్లు వాడుతున్నారు. మనకు మొదలుపెట్టడానికి ఒక పెన్సిలు చాలు.