కంప్యూటరుకు నీటి చల్లదనం

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలలో నడివేసవిలో ఉష్ణోగ్రత 44 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అప్పుడు కూడ కుండలోని నీరు చల్లగానే ఉంటుంది. విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కంప్యూటరును అమర్చుకొనే విద్యార్థికి, దానిని నీటితో చల్లబరచవచ్చునని వినగానే ఈ కుండ గుర్తుకు రావచ్చు. కాని రెండింటి సూత్రం ఒకటి కాదు.

కుండ గోడల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతుంది. అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి నీటినుంచే తీసుకొంటుంది. అందువల్ల ఆ నీరు చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుంది. కంప్యూటరులోని నీరు మూసిన గొట్టాలలో తిరుగుతుంది, ఆవిరి కాదు. ఇది లారీ ఇంజను ఏర్పాటు వంటిది. ప్రాసెసరుపై బిగించిన రాగి పలక వద్ద వేడిని గ్రహించి, రేడియేటరులో గాలికి అప్పగించడమే ఆ నీటి పని.

ఈ పనికి నీరు ఎందుకు తగినది? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.18 జౌల్‌ల ఉష్ణం కావాలి. గాలికి సుమారు ఒక జౌల్ చాలు. ప్రాసెసరులో 200 వాట్ల వేడి, అంటే సెకనుకు 200 జౌల్‌లు, పుడుతుందనుకొందాం. నిమిషానికి ఒక లీటరు నీరు, అనగా సెకనుకు 16.7 గ్రాములు ప్రవహిస్తే, ఆ నీరు వేడెక్కేది దాదాపు 3 డిగ్రీలే. అంతే పెరుగుదలతో ఆ వేడిని మోయడానికి నిమిషానికి 3,000 లీటర్లకు పైగా గాలి కావాలి.

అయితే గది గాలి 44 డిగ్రీలుంటే నీరు అంతకంటె చల్లబడదు. వేడి గాలిలోకి పోవాలంటే నీరు గాలికంటె వేడిగా ఉండాలి. ఆ తేడా 10 డిగ్రీలైతే నీరు 54 డిగ్రీలకు చేరుతుంది. చాలా పంపులకు 60 డిగ్రీలే హద్దు. రేడియేటరు వైశాల్యం పెరిగినకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

బావినీరు పనికిరాదు. జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి ఉంది. అటువంటి నేలలో ఊరే నీటిలో కాల్షియం లవణాలు కరిగి ఉంటాయి. అవి రాగి పలకలోని సన్నని కాలువలలో పేరుకొంటాయి. తుప్పును అడ్డే మందు కలిపిన స్వేదనజలమే పోయాలి. రాగి, అల్యూమినియం భాగాలను ఒకే వలయంలో కలపరాదు. రెండు లోహాలూ నీటిలో విద్యుత్ ఘటంగా మారి అల్యూమినియం తినివేయబడుతుంది. గాలి బుడగలు పైకి చేరుతాయి కనుక పంపును వలయంలో అన్నిటికంటె ఎత్తున పెట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కారుడు పరీక్ష. స్వేదనజలం కూడ కొద్దికాలంలో లోహపు అయాన్లను గ్రహించి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కాబట్టి మిగిలిన భాగాలకు విద్యుత్తు ఇవ్వకుండా, పంపును మాత్రమే ఒక రోజంతా నడపాలి. ప్రతి అతుకు కిందా పొడి కాగితం పరచాలి. ఒక్క తడి మరక కనిపించినా ఆ అతుకును విప్పి, మళ్ళీ బిగించి, పరీక్షను మొదటినుంచి చేయాలి.

65 వాట్ల ప్రాసెసరుకు ఇంత శ్రమ అక్కరలేదు. మంచి పంకా చాలు. ఎక్కువ వేడి పుట్టే యంత్రమైతే, పొడిగాలి వీచే వేసవిలో గదికి కూలరు పెట్టడం మేలు. గది గాలి ఎన్ని డిగ్రీలు తగ్గితే గొట్టాలలోని నీరూ దాదాపు అన్ని డిగ్రీలు తగ్గుతుంది. కూలరులో పనిచేసేది కుండ సూత్రమే.