చవక వెబ్‌క్యామ్‌కు వెలుతురే ప్రాణం

1970 జూన్ 30న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఏటీ అండ్ టీ కంపెనీ పిక్చర్‌ఫోన్ సేవ మొదలుపెట్టింది. మాట్లాడే మనిషి ముఖం చిన్న నలుపు తెలుపు తెర మీద కనిపించేది. అద్దె నెలకు 160 డాలర్లు. ఆ రోజుల్లో అంత డబ్బు పోసి బంధువుల ముఖాలు చూసుకోగల కుటుంబాలు ఎన్నుంటాయి? కొద్ది ఆఫీసులు మాత్రమే పెట్టించుకున్నాయి, కొన్నేళ్లకే సేవ మూతపడింది. ముఖం చూపించే విద్య అప్పటికే వచ్చేసింది, ఇంటి ఖర్చులో ఇమిడే ధర మాత్రం రాలేదు. వెబ్‌క్యామ్ కథంతా ఆ ధర దించిన కథే. ధర దించడానికి ఏమేం వదులుకున్నారో తెలిస్తే, ఇవాళ తక్కువ డబ్బుతో ఏది కొనాలో కూడా తేలిగ్గా తెలుస్తుంది.

మొదటి వెబ్‌క్యామ్‌గా పేరు పడ్డది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబొరేటరీలో ఉండేది. 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్జ్‌కీ కలిసి, కాఫీ ఉందో అయిపోయిందో సీట్లోంచే తెలుసుకోవడానికి ట్రోజన్ రూమ్ పక్కనున్న కాఫీ పాత్ర వైపు ఒక కెమెరా తిప్పి పెట్టారు. 128×128 పిక్సెల్స్ బొమ్మ, రంగు లేదు. 1993లో అది వెబ్‌లోకి వచ్చింది, 2001 ఆగస్టు 22 దాకా నడిచింది. అయితే దానికోసం కంప్యూటర్ లోపల వీడియోను అంకెలుగా మార్చే వేరే కార్డు కావాల్సి వచ్చింది. ఇళ్లకు చేరే సరుకు కాదది.

ఇళ్లకు చేరింది 1994లో కనెక్టిక్స్ కంపెనీ తెచ్చిన క్విక్‌క్యామ్. గుండ్రటి చిన్న కెమెరా, ధర సుమారు 100 డాలర్లు. నా దృష్టిలో బడ్జెట్ వెబ్‌క్యామ్‌కు అసలు పుట్టినరోజు అదే. వేరే కార్డు అక్కర్లేదు, మెకింటాష్ సీరియల్ పోర్టుకు తగిలిస్తే చాలు. ఆ సన్నని తీగలోంచి బొమ్మ పంపడానికి దాని రూపకర్తలు రంగు పూర్తిగా వదిలేశారు. నలుపు నుంచి తెలుపు దాకా 16 ఛాయలే ఉంచారు. 16 ఛాయలంటే పిక్సెల్‌కు 4 బిట్లు, సగం బైటు. కదలని బొమ్మ 320×240 పిక్సెల్స్ ఉండేది, కదిలే బొమ్మయితే 160×120, సెకనుకు 15 ఫ్రేములు. ఇంత వదులుకున్నా నవ్వు నవ్వులాగే కనిపించింది. అందుకే అది నిలబడింది. 1998లో లాజిటెక్ ఆ వ్యాపారాన్ని 2.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ధర ఇంకా దిగడానికి కారణం అంతరిక్షం వైపు నుంచి వచ్చింది. అప్పట్లో మంచి కెమెరాల్లో ఉండేది 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ సెన్సర్. నిప్పంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి నీళ్ల బిందెలు చేయి మార్చుకున్నట్టు, అందులో ప్రతి పిక్సెల్ తన విద్యుదావేశాన్ని పక్కదానికి అందిస్తూ పోవాలి. 1990ల తొలినాళ్లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం, వ్యోమనౌకల కెమెరాలను చిన్నవి చెయ్యడానికి, ప్రతి పిక్సెల్‌కూ సొంత యాంప్లిఫయర్ ఉన్న సీమాస్ సెన్సర్‌ను తయారుచేసింది. మామూలు చిప్పులు చేసే ఫ్యాక్టరీల్లోనే దీన్నీ చెయ్యొచ్చు, కరెంటూ తక్కువే తాగుతుంది. ఇవాళ వెబ్‌క్యామ్‌ల్లో ఉన్నది ఈ సెన్సరే.

ఇప్పుడు డబ్బా మీది అంకెల సంగతి. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080, లెక్కకు 20.7 లక్షల పిక్సెల్స్. డబ్బా మీద 16, 20 మెగాపిక్సెల్స్ అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటే, అది ఎక్కువసార్లు సాఫ్ట్‌వేర్ సాగదీసిన ఫోటో కొలత. పైగా ఆ 20.7 లక్షల్లో కూడా, కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన పద్ధతి ప్రకారం, సగం పిక్సెల్స్ ఆకుపచ్చనే చూస్తాయి, పావు ఎరుపును, పావు నీలాన్ని. మిగతాది లెక్కకట్టి నింపుతారు. ఇక ఆ బొమ్మను ఉన్నదున్నట్టు, పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున సెకనుకు 30 ఫ్రేములు పంపాలంటే దాదాపు 995 మెగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 తీగ పరిమితి 480. కాబట్టి కెమెరా లోపలే ఒకసారి కుదిస్తారు. కాల్ నడిపే యాప్ మన నెట్ అప్‌లోడ్ వేగాన్ని బట్టి రెండోసారి కుదిస్తుంది. ఫోర్‌కే అని డబ్బు పోస్తే, ఆ అదనపు పిక్సెల్స్‌లో అమ్మమ్మ ఫోన్ దాకా చేరేవి చాలా తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది వెలుతురు. చవక వెబ్‌క్యామ్ సెన్సర్ వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. వెలుతురు కణాలు, అంటే ఫోటాన్లు, సమానంగా పంచినట్టు రావు, ఇష్టం వచ్చినట్టు వచ్చి పడతాయి. సగటున 10,000 పడే పిక్సెల్‌లో హెచ్చుతగ్గు 100 వరకు, అంటే నూటికి ఒకటి. 100 మాత్రమే పడితే హెచ్చుతగ్గు 10, నూటికి పది. రాత్రి కాల్‌లో చెంపల మీద సలసల కదిలే గింజలు అవే. వాటిని చెరిపే ప్రయత్నంలో సాఫ్ట్‌వేర్ కనుబొమలనూ ముడతలనూ చెరిపేస్తుంది. వెలుతురు మరీ చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు తీసుకుంటుంది, ఊపిన చెయ్యి అలికినట్టు వస్తుంది. అదే కొలత సెన్సర్ మీద తక్కువ పిక్సెల్స్ ఉండే 720పీ బదులు 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు వాటా సగం కన్నా తగ్గిపోతుంది. అందుకే పేరులేని ఫుల్ హెచ్‌డీ కన్నా నికరమైన 720పీ కొని, మిగిలిన డబ్బుతో ముఖానికి ఎదురుగా ఒక టేబుల్ లైటు పెట్టుకోమంటాను. కిటికీ వీపు వెనక కాక ముఖం ముందు ఉండాలి, లేకపోతే కెమెరా ఆకాశాన్ని చక్కగా చూపించి మనిషిని నల్లగా చేస్తుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే కొడుకు పండక్కి వస్తూ వెబ్‌క్యామ్ తెచ్చి గుంటూరులో అమ్మ కంప్యూటర్‌కు పెట్టి వెళ్తాడు. తర్వాత కాల్ చేస్తే అమ్మ వెనక గోడ మీద మసక చారలు మెల్లగా పైకి పాకుతుంటాయి. “ఏంటి నాన్నా, ఈ గీతలు?” అని ఆవిడ అడిగితే కెమెరా చెడిపోయిందనుకుంటాడు. చెడిపోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అమెరికాలో 60 హెర్ట్జ్, 120 సార్లు. సెన్సర్ బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది గనక, అమెరికా లెక్కలో ఉన్న కెమెరాకు ఇక్కడి దీపాల మినుకుతో లెక్క కుదరకపోతే కొన్ని వరసలకు వెలుగు ఎక్కువ, కొన్నిటికి తక్కువ పడుతుంది. కెమెరా సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 60 నుంచి 50కి మారిస్తే చారలు పోతాయి.

కొనేటప్పుడు ఇంకొన్ని. యూవీసీ ప్రమాణం పాటించే కెమెరా అయితే డ్రైవర్లు అడగదు, తగిలించగానే పనిచేస్తుంది. పెద్దవాళ్ల ఇంటికి ఇది చాలా అవసరం. కూర్చున్నచోటి నుంచి కదలని తాతయ్యకు ఫిక్స్‌డ్ ఫోకస్ మేలు, చవక ఆటోఫోకస్ మాటల మధ్యలో మసకబారుతూ తేరుకుంటూ ఉంటుంది. కొన్నిటిలో లెన్స్ చుట్టూ రింగు ఉంటుంది. బొమ్మ మసగ్గా ఉంటే పారేసేముందు దాన్ని కాస్త తిప్పి చూడండి. ఒక్కరికైతే 60 డిగ్రీల చూపు చాలు, సోఫా నిండా కూర్చునే ఇంటికి 80, 90 కావాలి.

మైకు విషయంలో మాత్రం పొదుపు చెయ్యొద్దు. బొమ్మ ఒక్క క్షణం ఆగినా మాట సాగుతుంది, మాట తెగితే కాల్ తెగినట్టే. దూరంగా ఉన్న వెబ్‌క్యామ్ మైకుకు మాటతో పాటు ఫ్యాను హోరూ గది ప్రతిధ్వనీ అందుతాయి. వినికిడి తగ్గిన అమ్మమ్మ అవతల ఉంటే, మైకున్న వైరు ఇయర్‌ఫోన్ ఒకటి అదే రోజు కొనేయండి.