జీడితోటలో కుళ్లిపోతున్న గ్యాసు

ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లోకి అడుగుపెడితే ముందుగా ముక్కుకు తగిలేది పులిసిన పండ్ల వాసన. గింజ తీసి బస్తాలకు ఎత్తుతారు. పలాస చేరి అది జీడిపప్పవుతుంది. గింజ కన్నా ఎన్నో రెట్లు బరువుండే పండు మాత్రం చాలావరకు చెట్టు కిందే ఉండిపోతుంది. గోవాలో దీనితో ఫెనీ కాస్తారు. ఇక్కడ కొన్ని పిల్లలు తింటారు, కొన్ని పశువులు తింటాయి. మిగతావి ఈగల పాలు.

ఆ పులియడమే బయోగ్యాస్‌కు తొలిమెట్టు. గాలి చొరబడని తొట్టెలో పచ్చి వ్యర్థాలను వేస్తే ఒక రకం సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని చక్కెరలుగా, ఆమ్లాలుగా విరగ్గొడతాయి. ఆ ఆమ్లాలు చివరికి మరో జాతి జీవులకు తిండి. మీథేన్ పుట్టించేది ఈ చివరి జాతే. ఇవి మహా సుకుమారం: ఆక్సిజన్ గిట్టదు, 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, పులుపు ఎక్కువైతే పని మానేస్తాయి. అందుకే ఆశపడి ఒకేసారి తొట్టె నిండా జీడిపండ్లు గుమ్మరిస్తే గ్యాసు రాకపోగా, ఉన్నదీ ఆగిపోతుంది. పేడ కలిపి, కొద్దికొద్దిగా వేయాలి. పేడలో ఆ జీవులూ ఉంటాయి, పులుపును అదుపులో పెట్టే గుణమూ ఉంటుంది.

ఇలా వచ్చే గ్యాసులో సగానికి పైగా మీథేన్, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా కాస్త ఉంటుంది. శుద్ధి చేసి మీథేన్‌ను 90 శాతం దాటించి, ఒత్తిడితో నింపితే వాహనాలు నడుస్తాయి.

ఊళ్లలో పెద్దవాళ్లకు గోబర్ గ్యాస్ కొత్త కాదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960లలోనే ఇనుప డ్రమ్ము తొట్టెలను ప్రచారం చేసింది. 1984లో ఇటుకలతో కట్టే చౌక నమూనా ‘దీనబంధు’ వచ్చింది. రెండు ఘనమీటర్ల ఇంటి ప్లాంటుకు రోజూ సుమారు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు. దుక్కిటెద్దుల చోట ట్రాక్టరు వచ్చిన ఇంట్లో అంత పేడ ఎక్కడిది?

మరి వరిగడ్డి? సంక్రాంతి నాటికి జిల్లా అంతటా కళ్లాల పక్కన కుప్పలే కుప్పలు. కానీ గడ్డి మొండిది. లిగ్నిన్, సిలికా నిండిన దాన్ని సూక్ష్మజీవులు అంత సులువుగా కొరకలేవు. అందులో నత్రజనీ తక్కువ. ముక్కలు చేయకుండా వేస్తే నీటిపై తేలి అట్టకడుతుంది. అన్నిటికీ మించి అది పశువు మేత. కొబ్బరి పీచు సంగతి ఇంకా కష్టం. ఉద్దానంలో ఎంత దొరికినా తొట్టెకు పనికిరాదనే చెప్పాలి.

గ్యాసు కోసమే పంట వేయడం ఇంకో దారి. రిలయన్స్ సంస్థ రాష్ట్రంలో 65,000 కోట్ల రూపాయలతో 500 ప్లాంట్లు పెడతామని ఒప్పందం చేసుకుంది. వాటిలో మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. అక్కడి బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచాలన్నది ఆలోచన. వంశధార, నాగావళి కింద వరి కోసి మినుము, పెసర, మొక్కజొన్న వేసుకునే చిన్న కమతాలకు ఆ లెక్క కుదరదు. జర్మనీలో గ్యాసు కోసం మొక్కజొన్న విస్తీర్ణం మితిమీరడంతో, 2012లో కొత్త ప్లాంట్లలో దాని వాటాకు 60 శాతం హద్దు పెట్టాల్సివచ్చింది. తిండిపంట భూమిని గ్యాసుకు ఇవ్వడం కన్నా, పారేస్తున్నదాన్ని తొట్టెలో వేయడమే ఇక్కడ నయం.

చెరకు మిల్లుల్లో రసం వడకట్టాక మిగిలే మడ్డి, అంటే ప్రెస్‌మడ్, మంచి సరుకే. కానీ ఆమదాలవలస, భీమసింగి సహకార కర్మాగారాలు మూతపడ్డాక ఆ వనరూ తగ్గింది. జీడిపండు రెండు మూడు నెలల ముచ్చట. తొట్టెకేమో ఏడాది పొడవునా రోజూ మేత పడాలి. మిగతా నెలల్లో రైతుబజార్ల కూరగాయల చెత్త, హోటళ్ల మిగులు అన్నం కలిస్తేనే ప్లాంటు నడుస్తుంది.

గ్యాసు పోయాక మిగిలే స్లర్రీలో నత్రజని అలాగే ఉంటుంది. పొలానికి గత్తం బదులు తోలుకోవచ్చు. అయితే అందులో ఎక్కువ భాగం నీళ్లే. దూరం తోలితే కిరాయికే డబ్బంతా పోతుంది, కాబట్టి తొట్టె తోటకు దగ్గర్లోనే ఉండాలి.